గడియారము చేసిన చేతులు

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము జరిగినది. తిథివార నక్షత్రముల లెక్క విన్న చెవులతోనే గడియారమును గురించి నాలుగు మాటలు వినుడని మా మనవి. రైల్వే కచేరీలో పనిచేయువారము గనుక ఈ ధోరణి మమ్ము వదలదు!

1906లో దేశమంతటికి ఒకే ప్రామాణిక కాలము ఏర్పడక పూర్వము రైళ్లు మద్రాసు కాలమును బట్టి నడిచినవి. బొంబాయి నుండి, మద్రాసు నుండి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు వద్ద కలిసినవి. ఆ దారి మీదిదే మన షోలాపూరు. మద్రాసు కాలమును లెక్కించినది నుంగంబాకములో 1792లో వెలసిన నక్షత్రశాల. అచ్చటి రాతి స్తంభముపై తెలుగులో కూడ శాసనము చెక్కించిరి. ఆ శాలలోని ఒక గడియారము లండనులో జాన్ షెల్టను చేసినది. అది పిదప కొడైకెనాలు చేరినది.

ఎవరీ షెల్టను? లండనులో జార్జి గ్రాహం అను ప్రసిద్ధుడైన గడియారముల పనివాడుండెను. నక్షత్రశాలల గడియారముల పనికి ఆయన ముఖ్యముగా నమ్ముకొన్నది షెల్టను చేతినే. ఆ కాలపు గడియారము ఒక్కరి పని గాదు. చక్రములు కోసినవాడొకడు, స్ప్రింగు చేసినవాడొకడు, డయలు చెక్కినవాడొకడు, చెక్కపెట్టె వడ్రంగిది. డయలు మీది పేరు మాత్రము దుకాణదారుది. మన చద్దరు సంగతి చెప్పినట్లు లేదా? కండెలు చుట్టిన తల్లి ఒకరు, రంగు వేసినవారొకరు, నేసినవారొకరు. చీటీ మీద పేరు సేటుది.

అయినను గ్రాహమును నిందించుట మా అభిమతము గాదు. 1730 ప్రాంతమున జాన్ హారిసన్ అను పల్లెటూరి వడ్రంగి ఆయన యింటికి వచ్చెను. ఎండకు లోలకపు కడ్డీ సాగును, గడియారము నెమ్మదించును. ఉక్కు కడ్డీయైనచో పది సెంటిగ్రేడు డిగ్రీలకు రోజుకు సుమారు ఐదు సెకన్లు పోవును. (మన చైత్రపు ఎండకెంతో మీరే లెక్కవేయుడు.) హారిసన్ ఉక్కు కడ్డీల నడుమ ఇత్తడి కడ్డీలు బిగించెను. ఉక్కు క్రిందికి సాగినంత మేర ఇత్తడి పైకి సాగును. గుండు ఉన్నచోటనే నిలుచును. గ్రాహము ఉదయము మొదలు రాత్రి దాక అతని మాటలు విని, వడ్డీ లేకుండ, పూచీ లేకుండ డబ్బు బదులిచ్చెను. అట్టి సావుకారు దొరికిన నేతవాడెవడైన ఈ సభలో ఉన్నచో చేయి ఎత్తవలెను!

సముద్రముపై ఓడ ఎచ్చటనున్నదో చెప్పు ఉపాయమునకు ఇంగ్లండు పార్లమెంటు 1714లో 20,000 పౌనుల బహుమానము ప్రకటించెను. హారిసన్ చేసిన గడియారము 1761లో జమైకాకు బయలుదేరి, అచ్చట చేరునప్పటికి ఐదు సెకన్లే తప్పెను. పండితులు నమ్మలేదు. మరల పరీక్ష, మరల షరతులు. కడపటి సొమ్ము 1773లో చేతికి వచ్చునప్పటికి అతనికి ఎనుబదియేండ్లు.

షెల్టను చివరకు తన పేరిటనే గడియారములు చేసెను. మద్రాసు వచ్చినది అట్టిదే. కావున మాదొక మనవి. వచ్చే ఉగాదికి మన నీలం నగర్ చద్దరులను ఈ మంటపములో ప్రదర్శించి, ఒక్కొక్కదాని ప్రక్క నేసినవారి పేరు, కండెలు చుట్టినవారి పేరు వ్రాసి పెట్టుదము. చీటీలు వ్రాయు పని మాది. మా దస్తూరి బాగుండునని కచేరీలో అందురు.