సూరతు మరమగ్గపుఁ గార్మికులకు ఱొమ్ముబలము: వాలుబల్ల వ్యాయామమును గూర్చిన యుపన్యాసము



వాలుబల్లపైఁ బరుండి బరువును పైకి నెట్టుటచే ఱొమ్మును బలపఱచుకొనెడు వ్యాయామమును గూర్చి నేఁడు విన్నవింపఁ దలఁచితిని. వ్యాయామశాలలకుఁ బోవు యువకులు దీనిని ‘ఇంక్లైన్ ప్రెస్’ అందురు. నేను వైద్యుఁడను గాను. వైద్యులు వ్రాసినదానిని తెలుఁగు చేయుట నా వృత్తి. కావున చికిత్స చెప్పుట నా పని గాదు. శాస్త్రము నిశ్చయించిన సంగతులను కార్యనిర్వాహకులకు పనికివచ్చు రీతిని విడఁదీసి చెప్పుట మాత్రమే నా యుద్దేశము.

నేను చెప్పఁబోవు దానికి సారమిది: ఈ వ్యాయామమున ఫలమును నిర్ణయించునది ప్రధానముగా వాలు. బరువు ఏ కండరముపైఁ బడవలెనో, ఎంత పడవలెనో వాలే తేల్చును. వాలునకు వెల లేదు. గట్టుగోడయు, మెట్టును, రెండు పలకలును దానిని సమకూర్పఁగలవు. కావున ప్రజాధనమును మొదట నేర్పువానిపైఁ బెట్టి, తరువాతనే యినుముపైఁ బెట్టవలయును.

ఈ విషయము సూరతు నగరమునకేల ముఖ్యమో ముందు మనవి చేసెదను. లింబాయతు, ఉధ్నా మొదలగు ప్రాంతములందు వేలకొలఁది తెలుఁగు కుటుంబములు వసించుచున్నవి. వారిలోఁ బెక్కుమంది తెలంగాణ జిల్లాలనుండి, చేతిమగ్గము కూడు పెట్టక, మరమగ్గమును నమ్ముకొని వచ్చిన పద్మశాలీలు. వారి బిడ్డలకొఱకు నగరపాలక సంస్థ తెలుఁగు మాధ్యమపు పాఠశాలలను సైతము నడపినది. మరమగ్గపుఁ బని నిలువుకాళ్ల పని. మెడ వంచి, చేతులు ముందునకుఁ జాఁచి, తెగిన పోగు నతుకుచు గంటలకొలఁది నిలువవలెను. భుజములు ముందునకు ముడుఁగుకొనును, వీపు గూనువాఱును. నేసిన మీటర్లనుబట్టి కూలి యగుటచేత, భుజము బెణికిన వారమున ఇంట వంట కుంటుపడును. అట్టివాఁడు పని విడిచి వ్యాయామశాలకుఁ బోయి, విశాలమగు ఱొమ్ము కావలెనని కోరుట తప్పు గాదు. కాని తెలియని పద్ధతిచే భుజమును పోఁగొట్టుకొన్నచో నష్టపడునది వాని కుటుంబము.

ఈ నగరము ప్రజారోగ్యమున నొక గొప్ప పాఠము నేర్చినది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలమంది యూరు విడిచిపోయిరి. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారి కాలమున నధికారులు ప్రతిదినము వీధులకు వచ్చి స్వయముగాఁ జూచుట యలవాటయ్యెను. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున సూరతు ఇండోరుతోఁ గలసి ప్రథమస్థానము నందెను. యంత్రములు కొన్నందున మాత్రమే యీ మార్పు రాలేదు. దినదినము కనిపెట్టియుండు మనుష్యులవలన వచ్చినది. వ్యాయామమునకును ఇదియే న్యాయము.

ఇఁక శరీరనిర్మాణము. ఱొమ్ముపై విసనకఱ్ఱవలె పఱచుకొన్న పెద్ద కండరమొకటి గలదు. దాని పైభాగము మెడక్రింది యడ్డయెముకనుండియు, నడిమి, క్రింది భాగములు ఱొమ్ము నడిమి యెముకనుండియు ప్రక్కటెముకల మృదులాస్థులనుండియు బయలుదేఱి, అన్నియుఁ జేరి దండచేతి యెముకకుఁ బట్టుకొనును. చేతిని ముందునకు నెట్టుట, అడ్డముగా లోనికిఁ దెచ్చుట దీని పని. బల్లపై వెల్లకిలఁ బరుండి నెట్టినచో నడిమిభాగము మిక్కిలి పనిచేయును. తలవైపు ఎత్తి నెట్టినచో పైభాగమునకుఁ బని హెచ్చును. ఎత్తు మితిమీఱినచో ఱొమ్ము విశ్రమించి, భుజపు ముందరి కండరమే భారమును మోయును.

కొలత యెట్లన: 30 డిగ్రీల వాలు సాధారణముగా ననుకూలము. 45 డిగ్రీలు దాఁటిన కొలఁదిని అది భుజవ్యాయామముగా మాఱును. డిగ్రీలను కొలుచు పరికరము లేకున్నను చింతలేదు. వీపు నానించు పలక యెంత పొడవో అందు సగమెత్తునకు తలవైపు కొనను లేపినచో సరిగా 30 డిగ్రీలగును. 90 సెంటీమీటర్ల పలకకు 45 సెంటీమీటర్లు. నాలవవంతు ఎత్తినచో సుమారు 15 డిగ్రీలు. ఈ లెక్క వడ్రంగికిఁ దెలిపినఁ జాలును. క్రిందికి జాఱకుండుటకు పిఱుదుల కానుడుపీట, కదలకుండుటకు వెడల్పగు కాళ్లు తప్పక యుండవలెను.

ఇచ్చట నొక పొరపాటునకుఁ దావు గలదు. గట్టుపైఁ జేతులానించి దండీలు తీయుటను గూడ వాలు వ్యాయామమనియే పిలుచుదురు. రెంటి పేరొకటియే యైనను ఫలము వేఱు. చేతులు ఎత్తునను, కాళ్లు పల్లమునను ఉన్నపుడు ఱొమ్ము క్రిందిభాగమునకుఁ బని యెక్కువ, మొత్తము భారము తక్కువ. కాళ్లు ఎత్తునను, చేతులు నేలను ఉన్నపుడు పైభాగమునకుఁ బని హెచ్చును, భారమును హెచ్చును. కావున వాలుబల్లకు సరియగు జత కాళ్లెత్తిన దండీయే.

భారమెంతయో కొలిచి చూచినవారు తేల్చిన లెక్క యిది. నేలపైఁ దీయు మామూలు దండీలో శరీరపు బరువున నూటికి సుమారు 64 పాళ్లు చేతులపైఁ బడును. మోకాళ్లు నేల కానించినచో 49 పాళ్లు. చేతులను ఒక అడుగు ఎత్తునఁ బెట్టినచో 55, రెండడుగుల ఎత్తునఁ బెట్టినచో 41. కాళ్ల నొక అడుగు ఎత్తినచో 70, రెండడుగులు ఎత్తినచో 74. అనఁగా 60 కిలోల మనుష్యుఁడు రెండడుగుల గట్టుపైఁ జేతులుంచి సుమారు 25 కిలోలతో మొదలిడి, అడుగు ఎత్తున 33, నేలపై 38, కాళ్ల నడుగు ఎత్తి 42, రెండడుగులు ఎత్తి 44 కిలోల వఱకు క్రమముగా నెక్కవచ్చును. దమ్మిడీ ఖర్చు లేకయే యైదు మెట్ల నిచ్చెన దొరకినది. ఈ నిచ్చెన నెక్కినవానికే వాలుబల్ల నప్పగింపుఁడు.

బల్లపైఁ జేయు విధము వినుఁడు. పాదములు నేలపై నిలుకడగా నుండవలెను. వీపు రెక్కల యెముకలను వెనుకకు దగ్గఱగాఁ దెచ్చి పలక కదుముకొనవలెను. బొటనవ్రేలితోఁ గడ్డీని చుట్టి పట్టవలెను; బొటనవ్రేలు విడిచి పట్టుట ప్రమాదము. మోచేతులను ప్రక్కలకుఁ బూర్తిగాఁ బఱవక, మొండెమునకు సుమారు 45 మొదలు 60 డిగ్రీల కోణమున నుంచవలెను. ఊపిరి పీల్చుచు రెండు మూఁడు లెక్కల సేపు బరువును ఱొమ్ము పైభాగమునకు దించి, ఊపిరి విడుచుచు పైకి నెట్టవలెను. ఱొమ్ముపైఁ గొట్టి యెగరవేయరాదు. ఒక విడతకు 8 మొదలు 12 సారులు, అట్టివి మూఁడు విడతలు; వారమునకు రెండు దినములు, నడుమ రెండు దినముల విశ్రాంతి. మూఁడు విడతలందును 12 సారులు నిశ్చలముగా నెత్తఁగలిగినపుడే రెండు కిలోలో రెండున్నర కిలోలో చేర్చవలెను. పెద్దవారు వారమునకు రెండుసారులకుఁ దక్కువ గాకుండ ముఖ్య కండరములన్నిటికిని బలవ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

మగ్గపువానికి మఱియొక నియమము ముఖ్యము. నెట్టునంత లాగవలెను. ముందే ముడుఁగుకొన్న భుజములకు నెట్టుపని మాత్రమే చేర్చినచో ఇంకను ముడుఁగుకొనును. కావున ప్రతి నెట్టు విడతకు నొక లాగు విడత, అనఁగా వంగి బరువును నడుమువైపునకు లాగుకొనుటయో, కడ్డీని బట్టి వ్రేలాడి దేహమును పైకి లాగుకొనుటయో చేయింపవలెను.

ఫలమెప్పు డగపడును? తొలివారములలో బలము త్వరగాఁ బెరుగును; అది నాడులు కండరములను సరిగా నడుపుట నేర్చినందువలన. కండ పెరుగుట కంటికిఁ గనఁబడుటకు రెండు మూఁడు నెలలు పట్టును. ఈ సంగతి ముందుగాఁ జెప్పనిచో యువకుఁడు మూఁడవ వారముననే నిరాశపడి పొడులమ్మువాని దరిఁ జేరును.

ఇచ్చట ఱొమ్ము కండను, ఊపిరిని వేఱుచేసి చూపవలసియున్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగములకు 2022లో వెలువడిన ప్రకటనలో పురుష అభ్యర్థులకు ఱొమ్ముకొలత 86.3 సెంటీమీటర్లకుఁ దగ్గరాదనియు, ఊపిరి నిండఁ బీల్చినపుడు 5 సెంటీమీటర్ల విరివి యుండవలెననియు నియమము గలదు. మొదటి కొలతకు వాలుబల్ల తోడ్పడును. రెండవది ప్రక్కటెముకల నడిమి కండరముల పని, ఉదరమునకును ఱొమ్మునకును నడుమనున్న పొర పని. దానికి దీర్ఘశ్వాసాభ్యాసము, పరుగు, ఈఁత కావలెను. ఱొమ్ము కండ పెరిగినంత మాత్రమున ఊపిరితిత్తులు పెరుగవు. క్షయ మొదలగు వ్యాధులకు నిది మందు గాదు. రెండు వారములు మించిన దగ్గు గలవానిని బల్లపైకిఁ గాక కఫపరీక్షకుఁ బంపవలెను.

మన తెలుఁగుదేశమున ఱొమ్ముబలమనఁగానే వీరఘట్టమునఁ బుట్టి 1942లో గతించిన కోడి రామమూర్తినాయుఁడుగారు జ్ఞప్తికి వత్తురు. ఱొమ్ముపై ఏనుఁగు నెక్కించుకొనుటయు, ఊపిరి పూరించి ఱొమ్మునకుఁ జుట్టిన యినుపగొలుసును త్రెంచుటయు వారి ప్రదర్శనములు. ఆ బలము గరిడీలలో నేండ్లకొలఁది చేసిన సాధనకు ఫలము. ఊపిరి బిగఁబట్టి బరువు నెత్తినపుడు రక్తపుపోటు తటాలున నెగయును. కావున కొత్తవాఁడు ఆ ప్రదర్శనల ననుకరింపరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు వైద్యుని యడిగిన పిదపనే దిగవలెను. ఎత్తునపుడు ఱొమ్మున నొప్పియో, కన్నులు చీకట్లుక్రమ్ముటయో, భుజమున సూదిపోటో కలిగినచో తత్‌క్షణమే నిలుపవలెను.

ఒంటరిగాఁ గడ్డీ నెత్తుట మహాప్రమాదము. చేతులు సొలసినపుడు కడ్డీ మెడపైఁ బడును. అట్లు ప్రాణములు పోయినవారు గలరు. పోటీలలో పురుషులు వాడు ఉత్త కడ్డీయే 20 కిలోలుండును. తలవైపు నొక తోడు నిలిచియుండవలెను. లేనిచో డంబెల్‌లతో మాత్రమే చేయవలెను, వానిని ప్రక్కలకు జాఱవిడువ వచ్చును గనుక.

ఆహార విషయము. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో 65 కిలోల పురుషునికి దినమునకు 54 గ్రాముల మాంసకృత్తులు చాలునని నిర్ణయించినవి. కండ పెంచఁగోరువానికి మఱికొంత కావలెను. 100 గ్రాముల వేరుసెనగపప్పున సుమారు 25, పప్పుదినుసులలో 22 మొదలు 24, ఒక గ్రుడ్డున సుమారు 6 గ్రాములు గలవు. కూలిలో సింహభాగము డబ్బాపొడికిఁ బోయనక్కఱలేదు. త్వరగాఁ గండ పెంచునని చాటుగా నమ్ము హార్మోను సూదిమందులు వృషణములను క్షీణింపఁజేసి సంతానమునకు విఘాతము కల్గించును, గుండెను చెఱచును. ఇట్టి విక్రయము కంటఁబడినచో ఔషధ నియంత్రణాధికారికిఁ దెలుపుట మీ ధర్మము.

కడపట మీరు చేయఁదగిన పనులు. వాడలలోని వ్యాయామస్థలమున మూఁడు ఎత్తుల గట్లు కట్టింపుఁడు: ఒక అడుగు, రెండడుగులు, మూఁడడుగులు. రెండు వాలుబల్లలును కొన్ని డంబెల్‌లును చాలును. వ్యాయామస్థలపు వేళలను మగ్గముల పాళీలు మాఱు వేళలకు సరిపుచ్చుఁడు. పగటి పాళీవానికి రాత్రియు, రాత్రి పాళీవానికి పగలును తలుపు తెఱచియుండవలెను. స్త్రీలకు వేఱు వేళ లేర్పఱుపుఁడు. ఈ వ్యాయామము వారికిని హితమే. నియమములను గుజరాతీతోఁ బాటు తెలుఁగు, ఒడియా, మరాఠీ, హిందీ భాషలలో వ్రాయించి గోడకుఁ దగిలింపుఁడు. నెలకొకమాఱు బల్లకాళ్లను, మరలను పరీక్షించి పుస్తకమున సంతకము చేయింపుఁడు. అన్నిటికంటె ముందుగా నేర్పు తెలిసిన బోధకుని నియమింపుఁడు. వడోదరలో జుమ్మాదాదా వ్యాయామమందిరమువంటి ప్రాచీన సంస్థ గల రాష్ట్రమిది; నేర్చినవారికిఁ గొదవ యుండదు.

బోధకుఁడు లేని యినుము ఉద్యానమునఁ ద్రుప్పుపట్టును. లేదా యొక కూలివాని భుజమును దీయును. బోధకుఁడున్నచో గట్టుగోడయే వ్యాయామశాల యగును. రాఁబోవు అంచనాపట్టికలో యంత్రముల పద్దునకు ముందు బోధకుని జీతపు పద్దును జేర్పవలసినదిగా మిమ్ము వేఁడుకొని, ఇంతటితో విరమించుచున్నాను.