జనాజాకు ముందు



మయ్యత్‌ను ఆలస్యం చేయకుండా దఫన్ చేయడం మన ఆచారం. కానీ మనిషి పోలీసుల అదుపులో చనిపోయినప్పుడు ఆ తొందర ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించండి. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఉదంతంలో అహ్మద్ హుసేన్ అనే రిక్షా కార్మికుడు చనిపోయాడు. జనం వీధుల్లోకి వచ్చాకే జస్టిస్ ముక్తదర్ కమిషన్ వచ్చింది. తప్పు పోలీసులదేనని తేల్చింది. కేసు మాత్రం రాయచూరు కోర్టుకు మారి, నిందితులు బయటపడ్డారు.

ఇప్పుడు అడగడానికి ఆధారాలున్నాయి. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులో కలెక్టర్లను, ఎస్పీలను ఆదేశించింది. తెలపకపోతే దాచే ప్రయత్నమనే భావిస్తామంది. అయితే ఆ నివేదిక రాసేది ప్రభుత్వ అధికారులే కదా! అందుకే 2006 నుంచి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ చట్టంలోకి వచ్చింది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 196వ సెక్షన్. ఆర్డీవో విచారణతో సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. విచారణ జరిగేటప్పుడు బంధువులు అక్కడ ఉండవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా మేజిస్ట్రేట్ కోర్టులున్నాయి. తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి.

పోస్టుమార్టం వీడియో తీయించాలని 1995లోనే కమిషన్ రాష్ట్రాలకు రాసింది. ఆ వీడియో అడగండి. అది అయ్యాకే గుసుల్.

గుసుల్ చేసే మన పిల్లలకు ఒక మాట. మయ్యత్ ఐబులు బయట చెప్పకూడదన్న అదబ్ మనకుంది, నిజమే. కొట్టిన దెబ్బ ఐబు కాదు నాయనా. చూసింది ఇంటివాళ్లకు చెప్పండి. మేజిస్ట్రేట్ పిలిస్తే వెళ్లి అక్కడా చెప్పండి.