ఏరివేసిన గింజ ఎవరి పాలు?

(తిరుపతి ప్రాంత గ్రామములలో రైతు సోదరుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



చిత్తూరు, తిరుపతి సీమల రైతులకు వేరుశనగను గూర్చి చెప్పబోవుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఎప్పుడు విత్తవలెనో, ఎప్పుడు పెరుకవలెనో మాకంటె మీకు బాగుగ తెలియును. అందుచేత మేము నేడు పంటను గూర్చి గాక, పంటలో కంటికి కనబడక దాగియుండు ఒక విషమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ వచ్చితిమి.

ఆ విషము పేరు అఫ్లటాక్సిన్. ఇది ఎవరో చల్లిన మందు కాదు. మన నేలలో సహజముగ నుండు ఒక బూజు దీనిని పుట్టించును. శాస్త్రజ్ఞులు ఆ బూజును ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అందురు. ఆ రెండు మాటల మొదళ్లు చేర్చియే విషమునకు పేరు పెట్టినారు.

1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొద్ది నెలలలో చచ్చినవి. కారణము తోచక దానిని టర్కీ ఎక్స్ వ్యాధి అనిరి. తుదకు పరిశోధింపగా, అవి తిన్న దాణాలో బ్రెజిలు నుండి వచ్చిన బూజుపట్టిన వేరుశనగ చెక్క ఉన్నట్లు తేలినది. ఈ విషము లోకమునకు తెలియవచ్చినది ఆ విధముగ, మన ఇంటి పంట మూలముననే.

కోళ్ల సంగతి మనకేల అనరాదు. 1974లో రాజస్థానమందలి బాన్స్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాల పల్లెలలో, కోతకాలమున అకాల వర్షములు కురిసి మొక్కజొన్న తడిసినది. సరిగా ఆరకమునుపే దానిని నిలువచేసి, వేరే తిండి లేక దానినే తినిరి. 397 మందికి కామెర్లు సోకినవి. కడుపున నీరు చేరినది. 106 మంది మరణించిరి. ఆ తిండి తిన్న ఊరకుక్కలకును అదే గతి పట్టినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అచటికి పోయి, ఆ గింజలలో అఫ్లటాక్సిన్ మెండుగ నున్నట్లు కనుగొనిరి.

అంత మోతాదు అరుదు. కొంచెము కొంచెముగ ఏండ్ల తరబడి లోనికి పోవునది వేరొక విధముగ పనిచేయును. మన కాలేయము ఈ విషమును వదిలించుకొనబోయి దానిని మరింత ప్రమాదకరమైన రూపమునకు మార్చును. ఆ రూపము కణములలోని జన్యుపదార్థమునకు అంటుకొనును. దాని ఫలితము కాలేయ క్యాన్సరు కావచ్చును. హెపటైటిస్ బి సోకియున్న వారికి ఈ ముప్పు అనేక రెట్లు హెచ్చు. వేయించినను, ఉడికించినను ఇది పోదు. బూజును తుడిచివేసినను గింజలో దిగిన విషము దిగినట్లే యుండును.

ఈ బూజు గింజలో ప్రవేశించుటకు మన సీమలో రెండు దారులు కలవు. గింజ ముదురు చివరి వారములలో వాన ముఖము చాటువేసి నేల కాగినచో, కాయ బీటలు వారి బూజు లోనికి దూరును. ఇక పెరికినాక ఈశాన్యపు వానలు దిగి కుప్పలు తడిసినచో రెండవ దారి. అందుచేతనే ఊడలు దిగువేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుమని వ్యవసాయశాఖవారు చెప్పుచున్నారు. కాయ పొట్టు గట్టిపడును. పెరికిన చెట్లను కాయలు పైకుండునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను. కాయను చెవి దగ్గర ఊపిన గింజ గలగలమనవలెను. మరి, మరలో వేయునపుడు గింజ విరుగకుండుటకై కాయలపై నీళ్లు చల్లు అలవాటొకటి కలదు. ఎండబెట్టిన కష్టమంతయు ఆ నీళ్లతో పోవును.

అంతర్జాతీయ ఆహార ప్రమాణముల ప్రకారము, శుద్ధిచేయుటకై పంపు గింజలలో ఈ విషము కిలోకు 15 మైక్రోగ్రాములకు మించరాదు. అనగా 10 టన్నుల లారీ సరుకున గ్రాములో ఏడవవంతు కంటె కొంచెము హెచ్చు. తినుటకు సిద్ధమైన గింజలకు ఐరోపావారు పెట్టిన హద్దు 4 మైక్రోగ్రాములే. ఇంత కొంచెమా అని ఆశ్చర్యపడవలదు. సరుకంతటిలో ఈ విషము సమముగ పరచుకొనియుండదు. రంగు మారినవి, ముడుతలు పడినవి, మొలక వచ్చినవి, పురుగు తొలిచినవి అగు కొద్ది గింజలలోనే అధికభాగము చేరియుండును. వాటిని ఏరివేసినచో సరుకు చాలవరకు బాగుపడును.

బాగుపడును, నిజమే. మరి ఏరివేసినవి ఎక్కడికి పోవుచున్నవి? వెనుక ఒక పల్లెలో మేము ఈ మాటలే చెప్పగా, ఒక అవ్వ లేచి, "మంచివన్నీ మండీకి తోలితిమి నాయనా, ఈ తాలు గింజలే మాకు మిగిలె. ఇవి గూడా పారేస్తే ఊరుబిండికి ఏం నూరుకునేది?" అని అడిగినది. మా చేతిలో కాగితములు చాల ఉండెను గాని, ఆ ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. మండీలో శుభ్రమైన గింజకు తగినంత ఎక్కువ ధర పలుకనంతకాలము ఏరుటలోని నష్టము రైతుదే అగుచున్నదని ఒప్పుకొనక తప్పదు. అయినను అవ్వతో ఒక మాట అంటిమి: మండీకి మూటలు కట్టకమునుపే, ఏటికి సరిపడు ఇంటి గింజలను మంచి కుప్ప నుండియే తీసి, ఆరిన డబ్బాలో వేరుగ పెట్టుకొమ్మని. సంకటిలోనికి రోజూ అదే పచ్చడి తిను పిల్లలు ఆ తాలు గింజలు తినదగినవారు కారు.

ఆమె ఊరకొనలేదు. "మరి ఆవుకేసే చెక్క సంగతో?" అనినది.

నిజమునకు అది మాకంటె ఆమెకే ముందుగ తోచినది. నాసి గింజలు గానుగకు పోయినచో విషము అధికభాగము చెక్కలోనే నిలుచును. వడగట్టని నూనెలోను కొంత ఉండును. ఆ చెక్క తిన్న ఆవు పాలలో ఒక దినము లోపలనే విషము మరొక రూపమున దిగును. పాలు కాచినను అది పోదు. మన దేశమున పాలకు పెట్టిన హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. మంచి సంగతి ఏమనగా, బూజుచెక్క మాని మంచి చెక్క పెట్టిన కొద్ది దినములలోనే పాలు తేటపడును. కావున చెక్కను తడి తగులని చోట, నేలకు తగులకుండ బల్లపై ఉంచి, ముక్కవాసన వచ్చినదానిని పశువుకు పెట్టవలదని ఆమెకు చెప్పితిమి. బాగా బూజుపట్టిన గింజలను గానుగకు పంపక కాల్చివేయుమంటిమి. ఆమె కొంగున కట్టుకున్న గింజలు నాలుగు విప్పి, వెలుతురుకు పట్టి, ఒకటి పక్కకు తీసినది.