పేకముక్కలలోని లెక్క
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరస్వతీ నిలయమైన విద్యాలయంలో పేకముక్కల ప్రస్తావన ఏమిటని పెద్దలకు సందేహం కలుగవచ్చు. ఆ సందేహం సమంజసమే. పేకాట వలన పొలాలు, పుస్తెలు పోగొట్టుకొన్న కుటుంబాల కథలు విననివారు అరుదు. అయినప్పటికీ గణితంలో సంభావ్యత పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ "బాగుగా కలిపిన పేకకట్ట" పరిచయమే. ఆ లెక్కను బోధించడం ఆటను నేర్పడం కాదు. ఆటగాణ్ణి ఆవరించే భ్రమను తొలగించడం.

కట్టలో 52 ముక్కలు. ఇస్పేటు, కళావరు నల్లనివి. ఆఠీను, డైమను ఎఱ్ఱనివి. ఒక్కొక్క జాతికి 13 చొప్పున నాలుగు జాతులు. ఒక ముక్కను చూడకుండా తీస్తే అది రాజు అయ్యే అవకాశం 52లో 4, అనగా 13లో 1. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో చిత్రించే దశావతార గంజీఫాలో 10 జాతులు, జాతికి 12 చొప్పున 120 ముక్కలు, జాతికొక రాజు. అక్కడ అదే అవకాశం 12లో 1. కట్ట మారినా పద్ధతి మారదు: అనుకూలమైనవెన్నో, మొత్తమెన్నో లెక్కించి భాగించడమే.

రెండవ ముక్క తీసినప్పుడే అసలు వివేకం ఆరంభమవుతుంది. తీసిన ముక్కను తిరిగి కట్టలో కలిపితే, వరుసగా రెండుసార్లు ఆసు వచ్చే అవకాశం 169లో 1. కలపకుండా ప్రక్కన పెడితే, రెండవసారి మిగిలినవి 51 ముక్కలు, వాటిలో ఆసులు మూడే. అప్పుడు ఆ అవకాశం 221లో 1కి తగ్గుతుంది.

వరుసగా పది నల్లముక్కలు వచ్చాయనుకుందాం. ప్రతిసారీ ముక్కను తిరిగి కలిపివేస్తే, పదకొండవది ఎఱ్ఱముక్క అయ్యే అవకాశం మొదట ఉన్నట్లే సరిగా సగం. కలిపిన కట్టకు గతం గుర్తుండదు. ముక్కలను ప్రక్కన పెడితే మాత్రం మిగిలిన 42లో 26 ఎఱ్ఱనివి కనుక అవకాశం నూటికి సుమారు 62. ఈ రెండు సందర్భాలకు గల భేదం తెలియకపోవడమే జూదరి పతనానికి మూలం. ఇంతసేపు ఓడినవాడు ఇక గెలిచి తీరుతానని అనుకొంటాడు. కాని ప్రతి ఆటకూ ముక్కలన్నీ కలిపి మళ్ళీ పంచుతారు. ఓడినవానికి పేకకట్ట ఏమీ బాకీ ఉండదు.

మూడు ముక్కలాటనే పరిశీలించవచ్చు. 52లో మూడు ముక్కలు 22,100 విధాలుగా రావచ్చు. మూడూ ఒకే విలువ కలవి కావడం వాటిలో 52 విధాలు మాత్రమే, అనగా 425లో 1. జత గాని, వరుస గాని, ఒకే జాతి గాని కుదరనివి 16,440; నూటికి సుమారు 74. ఇక పందెంలో నిర్వాహకునికి వాటా ఉంటే లెక్క మరింత స్పష్టం. ఆరుగురు తలా 100 రూపాయలు పెట్టి, నిర్వాహకుడు నూటికి 10 తీసుకొంటే 600లో తిరిగి చేరేది 540. సగటున తలా ఆటకు 10 రూపాయల నష్టం. 50 ఆటలకు 500. అదృష్టం ఎవరిని వరించినా, నిర్వాహకుడు నష్టపోడు.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలం అదృష్టంపై ఆధారపడినది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకొనే నైపుణ్యం అందులో ప్రధానమని పేర్కొన్నది. గణితపరంగా అది తిరిగి కలపని ముక్కల లెక్కే. అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఇల్లు నిలుస్తుందన్న హామీ లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. చరవాణి చేతిలో ఉన్న బాలునికి చట్టంతోపాటు లెక్క కూడా తోడుండాలి.

మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ సందర్భంలో స్మరణీయం. జూదంలో రాజ్యాన్ని కోల్పోయిన నలునికి ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కగట్టి చూపి, అక్షహృదయమనే విద్యను ఉపదేశించాడు. ఆ విద్య అబ్బినంతనే నలుని ఆవహించియున్న కలి అతని శరీరాన్ని విడిచిపోయాడు. లెక్క తెలియడానికీ, కలి తొలగడానికీ గల సంబంధాన్ని పూర్వులు ఏనాడో గుర్తించారు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంటిలో పేకకట్ట ఉంచడం ఇష్టం లేనివారు 52 కాగితపు చీటీలపై ముక్కల పేర్లు వ్రాసి పిల్లలకు ఇవ్వవచ్చు. నూరుసార్లు తీసి, ప్రతిసారీ తిరిగి కలిపి, ఎఱ్ఱనివెన్నో, నల్లనివెన్నో పట్టిక వేయమనండి. వరుసగా ఐదారు ఒకే రంగువి వచ్చినప్పుడు, తరువాతిది ఏ రంగో చెప్పమని అడగండి. "రెండింటికీ సమానమే" అని బిడ్డ తడుముకోకుండా చెప్పిన రోజున ఈ పాఠశాల బోధించిన గణితం ఆ ఇంటికి రక్షణగా నిలిచినట్లే.

డెబ్బదియైదు వసంతాలుగా మాతృభాషలో విద్యాదానం చేస్తున్న ఈ సరస్వతీ నిలయం శతవసంతోత్సవం జరుపుకోవాలని ఆకాంక్ష. స్వస్తి.