తాళపత్రము – గణకయంత్రము

మన కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు, ఊరూర అటకలమీద పొగచూరి చెదలపాలగుచున్న తాళపత్ర గ్రంథములను సేకరింపనెంచి, 1911లో చెన్నపురియందు ఆంధ్ర సాహిత్య పరిషత్తును నెలకొల్పిరి. అది పిదప కాకినాడకు తరలివచ్చినది. నాడు గ్రంథము దక్కుటయే మహాభాగ్యము. నేడు దక్కిన గ్రంథమునకు ఛాయాచిత్రము దీసి, అందలి లిపిని కృత్రిమ మేధచేత చదివించు ప్రయత్నములు సాగుచున్నవి.

అచ్చుపుస్తకము సంగతి కొంత సుకరము. తెలుగు అచ్చక్షరములను గుర్తించు యంత్రవిధానమును హైదరాబాదు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2001లోనే ప్రకటించిరి. తాటాకు మాట వేఱు. గంటముతో గీచి మసి పూసిన ఆ పంక్తులలో పదమునకును పదమునకును నడుమ ఎడముండదు. పై పంక్తిలోని ఒత్తు దిగివచ్చి క్రింది పంక్తిలోని గుడిని తాకును. పురుగు తొలిచిన బెజ్జము పూర్ణానుస్వారమువలె భ్రమ గొలుపును.

వేదగ్రంథమైనచో చిక్కు ఇనుమడించును. అక్షరముక్రింది అడ్డుగీత అనుదాత్తమునకు గుర్తు, పైని నిలువుగీత స్వరితమునకు గుర్తు. వీనిని మరకలని యంత్రము విడిచినచో స్వరమే లోపించును. ఇచ్చటనే, వేదమును ఘన యను క్రమమున వల్లించు మన అగ్రహారముల ఘనపాఠులు అక్కఱకు వచ్చెదరు. ఘనయందు మొదటి రెండు పదములను కలిపి చెప్పి, వానినే వెనుకకు మరల్చి, మూడవదానిని చేర్చి ముందునకును, వెనుకకును, మరల ముందునకును నడిపింతురు. ఇందు ఒక్క స్వరము జాఱినను ఎక్కడనో యొకచోట బయటపడక మానదు. వార్తను పంపునపుడు దోషము పట్టుటకై గణకశాస్త్రజ్ఞులు అదనపు అంకెలను చేర్చెదరే, అట్టి యుపాయమును మన పూర్వులు కంఠమునందే నిలిపిరి. కావున యంత్రము చదివిన పాఠమును ఘనపాఠియెదుట పరీక్షింపక ప్రకటించుట తగదని నా దృఢవిశ్వాసము.

మఱియొక భయము గలదు. ఆకు విఱిగినచోట ఈ యంత్రము, తాను మునుపు చదివిన వేలకొలది వాక్యములనుబట్టి, సంభావ్యమైన పదమును తానే పూరించును. కావ్యమున అది యూహ యనిపించుకొనును, శ్రుతియందు అపచారమగును. కావున అమలాపురము గ్రంథాలయమున కూర్చుండు విద్యార్థికి పత్రచ్ఛాయయు, యంత్రపాఠమును, ఘనపాఠి గళమును ఒక్క తెరమీద లభింపవలెను. యంత్రము పూరించిన ప్రతి యక్షరమును వేఱు వన్నెలో కానవచ్చి తీరవలెను.