సంఘంల చేరాలంటే తాగాలెనా?

(బోయిన్‌పల్లిలో బస్తీ తల్లిదండ్రులు, యువజన సంఘం పిల్లలు కలిసి కూర్చున్న మీటింగులో ఒక టీచరు మాట్లాడిన మాటలు)



అగ్రవర్ణాల దౌర్జన్యం గురించి మాట్లాడుతామని మీరు వచ్చిన్రు. అదీ మాట్లాడుతాం. ముందుగాల మన ఇంటి ముచ్చట కావాలె.

మొన్న ఏప్రిల్ 14 రాత్రి ఊరేగింపు అయినంక, తొమ్మిదో తరగతి చదివే మన పిలగాడొకణ్ణి సంఘం పెద్ద పిల్లలు డీసీఎం బండి వెనక కూర్చోబెట్టి బీరు తాగమన్నరు. వద్దన్నడు. "తాగనోనివి సంఘంల ఎందుకురా, పోయి మీ అమ్మ కొంగు పట్టుకో" అన్నరు. తాగించిన్రు. చొక్కా ఇప్పించి డీజే ముందట ఎగిరించిన్రు. ఫోన్ల వీడియో తీసి గ్రూపుల పెట్టిన్రు. ఆ తెల్లారినుంచి వాడు సంఘం గదికి రాలే. ఎండకాలం సెలవులిచ్చేదాక బడికీ పోలే. వాళ్లమ్మ తెల్లారకముందే కూరగాయల మార్కెట్టుకు పనికి పోతది. ఆ మార్కెట్టుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరే పెట్టిన్రు. అక్కడ సంపాదించి జయంతికని ఆమె ఇచ్చిన యాభై రూపాయల చందా, కొడుకు తాగిన బీరుల కలిసింది.

పెద్ద పిల్లలను అడిగితే, "సార్, మమ్మల్ని కూడా గట్లనే చేసిన్రు" అన్నరు.

ఈ జవాబు మాకు కొత్త గాదు. మా వంశంల బడి మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. ఆరో తరగతిల హాస్టల్ల చేరిన మొదటి వారమే పెద్దోళ్ల బట్టలుతికినం, పళ్లాలు కడిగినం. గుడ్డు పెట్టిన రోజు మా గుడ్డు వాళ్ల పళ్లెంలకు పోయేది. వార్డెనుకు తెలుసు, అయినా ఊకున్నడు. నాలుగేండ్లకు మేము పదికి వచ్చినం. అప్పుడేం చేసినం? ఆరో తరగతి పిలగాని చేతుల మా చొక్కా పెట్టినం. మా తాత దొర గడీల చేసిన వెట్టిని మేము ఇంకో మాదిగ పిలగానితోని చేయించుకున్నం. సిగ్గుతోని ఇన్నేండ్లు ఈ సంగతి ఏ సభలోనూ చెప్పలే.

కులం నిచ్చెన మెట్ల వ్యవస్థ అని అంబేద్కర్ మనకు విడమరిచి చెప్పిండు. పై మెట్టువాడు తంతే, తన్నులు తిన్నవాడు కింది మెట్టువానికోసం చూస్తడు. మనం హాస్టల్ల, సంఘంల అదే నిచ్చెన వేసుకున్నం.

పెద్ద చదువులకు పోయినంక ఇదే నిచ్చెన కింద మన పిల్లలను మళ్ల నిలబెడతరు. "నీ ర్యాంకెంత?" అని అడుగుతరు. అడిగేది ర్యాంకు గాదు, కులం. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీల పీజీ మొదటి సంవత్సరం చదివే లంబాడా బిడ్డ చనిపోయింది. సీనియర్ మీద ర్యాగింగ్ నిషేధ చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టిన్రు. కులం పేరుతో వేధించినా, వెలివేసినా అది ర్యాగింగే అని యూజీసీ 2016ల తన నిబంధనల్లో రాసింది. అంతకుముందే, 1997ల, మన రాష్ట్రంల చట్టం వచ్చింది. అప్పుడు మేము ఇంటర్ చదువుతున్నం, ఒక్క లెక్చరరూ చెప్పలే. కాలేజీలే గాదు, హాస్టళ్లు కూడా దాని కిందికి వస్తయి. అవమానించినందుకు ఆరు నెలల దాక జైలు, ఆత్మహత్యకు పురికొల్పితే పదేండ్ల దాక. ఫిర్యాదు వచ్చినా కదలని ప్రిన్సిపాల్ కూడా నేరంల పాలుపంచుకున్నట్టే లెక్క.

మన సంఘం కాలేజీ గాదు, ఆ చట్టం మనకు తగలదని ఒక తమ్ముడు గొణుగుతున్నడు. నిజమే. కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద పిల్లలకు మందు తాగిపిస్తే ఏడేండ్ల దాక కఠిన శిక్ష, లక్ష రూపాయల దాక జరిమానా. తమ్మీ, అది తగులుతది.

మన సంఘాలకు మూలపురుషుడు భాగ్యరెడ్డి వర్మ. 1906ల హైదరాబాదుల జగన్మిత్ర మండలి పెట్టిండు. మన పిల్లలకు బడులు తెరిచిండు, తాగుడు మానుమని వాడవాడ తిరిగిండు. ఆయన ఫోటో మన గదిల ఉంది. దాని కింద ఖాళీ సీసాలు మేమే ఏరినం.

గట్టిపడాలంటే ఇవన్నీ ఉండాలంటరు. 2014 మే 25న గురుకులం పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కిన్రు. పూర్ణకు పదమూడేండ్లు. భువనగిరి గుట్టమీద వాళ్లకు తాడు కట్టి ఎక్కుడు నేర్పిన్రు. మనం మన పిలగానికి చొక్కా ఇప్పించినం.

బస్తీ పరువు పోతదని ఈ సంగతి కప్పిపెడదామని కొందరు పెద్దమనుషులు అంటున్నరు. ఆ తల్లి పరువు సంగతేంది? ఆమె కేసు పెడతానంటే మేము ఆమె వెంట పోలీస్ స్టేషనుకు పోతం. పెట్టనంటే అది ఆమె ఇష్టం, మనం బతిమాలి ఆపొద్దు.

ఇప్పుడే, ఈ సభలనే, గ్రూపుల ఉన్న వీడియో తీసెయ్యాలె. చందా లెక్క గది గోడకు అతికించాలె. రేపు పొద్దుగూకినంక ఆమె పనినుంచి వస్తది. ఆ ఇంటికి పోయి పిలగానికీ, తల్లికీ తప్పయిందని చెప్పాలె. మేమూ వస్తం, ఆ సంఘానికి చదువు చెప్పేటోళ్లం గనుక. ఆ రాత్రి డీసీఎం దగ్గర ఎవరెవరున్నరో మాకు తెలుసు, పేర్లు చదవం. వచ్చేటోళ్లు చెయ్యెత్తండి.