పాత ల్యాప్‌టాప్‌కు కొత్త తాళం

తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచితంగా పంచడం మొదలుపెట్టిన ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉండేది. డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆధారంగా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ దాన్ని తయారుచేసింది. అందులో తెలుగూ ఉంది.

కోవిల్‌పట్టి, విరుదునగర్‌ల తెలుగు ఇళ్లలో అక్క వాడిన అలాంటి ల్యాప్‌టాప్ తమ్ముడికి వచ్చినా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, పాత ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు; అవి డిస్కులో మిగిలే ఉండొచ్చు. డెబియన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితోనే కంప్యూటర్‌ను బూట్ చేయాలి. డిస్కు విభజన దగ్గర ‘ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం’ (డిస్కుకు తాళం వేసే పద్ధతి) ఎంచుకుంటే, ఇన్‌స్టాలర్ పాత సమాచారం మీద అర్థంలేని డేటా నింపుతుంది. గంటలు పట్టినా దీన్ని మధ్యలో ఆపకపోవడమే మంచిది.

తర్వాత అడిగే రహస్య వాక్యమే అసలు తాళంచెవి. పొంతనలేని ఐదారు మాటలు చాలు. తెలుగు, తమిళం రెండూ వచ్చినవారికి మాటలకు కొదవేముంది! వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కాగితం మీద రాసి బీరువాలో దాచాలి. అది పోతే ఫైళ్లు ఎవరికీ తెరుచుకోవు.